ఇటుకల మీద గడ్డి

టీచరమ్మగారు పోయారన్న కబురు మా వీధికి రూతమ్మ వదిన సెల్‌ఫోనులో వచ్చింది. వదినది మా పక్కిల్లు. నేను అప్పుడు వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. వదిన ఎప్పుడూ మెల్లగా మాట్లాడదు. గోడ అవతల నుంచే చెప్పింది.

"వదినా, టీచరమ్మ పోయిందంట. తెల్లారగట్ట. చిలకలూరిపేటలో, పెద్దోడింట్లో. మద్దేనానికి ఇక్కడికే తెస్తారంట. అయ్యగారి సమాధి పక్కనే పెట్టాలని ముందే చెప్పిందంట."

చేట కింద పెట్టాను. ఏడుపు రాలేదు. లోపల మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్న మా వారు "ఎవరు?" అన్నారు. చెప్పాను. కాసేపు ఆయన ఊపిరి చప్పుడే వినిపించింది. తర్వాత "నువ్వు వెళ్ళాలి. నేనూ నెమ్మదిగా వస్తాలే" అన్నారు.

మన సంఘ పత్రికకు ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని పెద్దలు నన్నే అడిగారు. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని, నాకేం రాయడం వస్తుందండీ అన్నాను. "నీకు ఆవిడ దగ్గర చనువు కదమ్మా, మంచి మాటలు నాలుగు రాయి" అన్నారు. మంచి మాటలు నాలుగు కాదు, చాలా ఉన్నాయి. కానీ అవి మాత్రమే రాస్తే, చదివేవాళ్ళు ఇంకెవరినో అనుకుంటారు. ఆవిడ కొడుకులు కూడా ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.

మేము ఈ కాలనీకి వచ్చింది తొంభైల చివర్లో. చీరాల నుంచి వేటపాలెం పోయే దారికి కాస్త లోపలగా, అంతకు ముందు వేరుశనగ పండించిన ఇసుక నేల ఇది. టీచరమ్మగారి భర్త మన సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశిగా చేశారు. ఆయన పూనుకుని మా అందరి చేతా ఇక్కడ స్థలాలు కొనిపించారు. కొనిపించిన కొద్ది కాలానికే ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఈ వీధికి పెద్ద దిక్కు ఆవిడే. అప్పటికింకా బడిలో ఉద్యోగం చేస్తున్నారు.

మా ఇల్లు కడుతున్నప్పుడు మా అత్తగారు చీరాలలో మంచాన ఉన్నారు. నేను ఆవిడ దగ్గరి నుంచి కదలలేకపోయేదాన్ని. మా వారు పొగాకు కంపెనీలో గుమాస్తా. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు గానీ రారు. గోడలు లేచాయి కానీ తడిపే దిక్కు లేదు. ఒకరోజు సాయంత్రం నేను ఎలాగో వీలు చేసుకుని వస్తే, టీచరమ్మగారు కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, బోరింగు దగ్గర నుంచి బకెట్టుతో నీళ్ళు మోసి మా గోడల మీద చల్లుతున్నారు. అప్పటికి ఎన్నాళ్ళ నుంచో రోజూ అదే పని చేస్తున్నారట. మేస్త్రీ చెబితే తెలిసింది. నాకు సిగ్గు వేసి బకెట్టు లాక్కోబోయాను.

"ఉండమ్మాయ్. గోడకి చిన్నప్పుడు నీళ్ళు తాగించకపోతే పెద్దయ్యాక పగులుతుంది. మా బళ్ళో పిల్లల్లాగే" అన్నారు.

ఇన్నేళ్ళయింది. మా గోడలకు ఇవాళ్టికీ ఒక్క బీట లేదు.

నా గొంతు చిన్నది. స్త్రీల కూడికలో వాక్యం చదవమంటే నా పక్కన కూర్చున్నవాళ్ళకే వినపడేది కాదు. ఆవిడ నన్ను వాళ్ళింటి వెనక వసారాలో గోడకు ఎదురుగా నిలబెట్టి చదివించేవారు. "మనుషుల్ని చూడకు. గోడకి చదువు. గోడ తిరిగి పలికితే మనుషులకి వినపడినట్టే" అనేవారు. గోడ పలికిన రోజున నాకు ఒక బెల్లం ముక్క పెట్టారు. అప్పటికి నాకు నలభై నిండబోతున్నాయి. అయినా ఆ బెల్లం ముక్క కొంగున కట్టుకుని తెచ్చి మా వారికి చూపించాను.

ఇక ఆవిడ సాయంత్రపు నడక గురించి చెప్పాలి. ఎండ ఉన్నా లేకపోయినా నల్ల గొడుగు చేతిలో ఉండేది. కుక్కల్ని అదిలించడానికీ, వస్తువుల్ని చూపించడానికీ. వీధి చివర నుంచి రోడ్డు మీది టీ కొట్టు దాకా వెళ్ళి వచ్చేవారు. చాలాసార్లు నేనూ వెంట నడిచాను. ఆవిడ మనుషుల్ని పలకరిస్తూనే ఇళ్ళను చూసేవారు. సగం లేచి ఆగిన గోడలు చూసేవారు. తాపీ మేస్త్రీలు పొద్దెక్కినా టీ కొట్టు దగ్గరే కూర్చుని ఉంటున్నారేమో కొట్టువాణ్ణి అడిగేవారు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇటుకల గుట్టలు చూసేవారు.

"ఇటుకల మీద గడ్డి మొలిచిందంటే కట్టేవాడికి నమ్మకం పోయింది. కట్టేవాడికే నమ్మకం పోయాక కొనేవాడికి ఎక్కడి నుంచి వస్తుంది?" అనేవారు గొడుగు కొనతో గడ్డిని తాకి.

ఇది ఊరికే అన్న మాట కాదు. పడమటి ఊళ్ళలో మిర్చి, పత్తి వరసగా దెబ్బతిన్న రోజుల్లో, రూతమ్మ వదిన వాళ్ళాయన మూల స్థలం కొనడానికి సిద్ధమయ్యాడు. టీచరమ్మగారు ఆపారు. "మన స్థలాలు కొనేది ఎవరు? పర్చూరు, పేట వైపు రైతులు. వాళ్ళ కల్లాలు ఖాళీగా ఉంటే మన స్థలాలు కూడా ఖాళీగానే ఉంటాయి. ఆగు" అన్నారు. అతను ఆగాడు. మరుసటి ఏడాదికి ఆ స్థలం ధర నిజంగానే పడిపోయింది, అతనికి చౌకగా దొరికింది. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఎవరు ఇల్లు అమ్మాలన్నా కొనాలన్నా ముందు ఆవిడ గడప తొక్కేవాళ్ళు. ఆవిడ ఒక్క కాఫీ తప్ప ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

తర్వాత వాడరేవులో పెద్ద ఓడరేవు కడతారన్న మాట పుట్టింది. మీకందరికీ గుర్తుండే ఉంటుంది. జీడిమామిడి తోటల్లో, రొయ్యల చెరువుల గట్ల మీద రంగుల జెండాలు లేచాయి. ఆదివారం ఆరాధనకు రావలసిన మగవాళ్ళు ఏజెంట్ల కార్లలో స్థలాలు చూడటానికి పోయి, బిరియానీ తిని వచ్చేవాళ్ళు. మా ఇళ్ళ ధరలు మేము నిద్ర లేచేసరికి పెరుగుతూ ఉండేవి. మేమేమీ చెయ్యలేదు. అదే గోడ, అదే గుమ్మం. అయినా ఏదో ఘనకార్యం చేసినట్టు ఒకరినొకరం చూసుకుని నవ్వుకునేవాళ్ళం. టీచరమ్మగారు కూడా ఆ రోజుల్లోనే చిన్నకొడుకు కోసం పైన గదులు వేద్దామని రెండు ట్రాక్టర్ల ఇటుక తెప్పించి వాకిలి పక్కన పేర్పించారు.

ఆ ఇటుకలు అక్కడే ఉండిపోయాయి.

హైదరాబాదులో కట్టిన ఇళ్ళు అమ్ముడుపోవడం లేదని పేపర్లలో రావడం మొదలైంది. ఏజెంట్ల కార్లు తగ్గాయి. జెండాలు వెలిశాయి. అంతకు కాస్త ముందే మా కాలనీ వెనక జీడిపప్పు కొట్టే కార్ఖానా ఒకటి వచ్చింది. పచ్చి జీడి గింజలు కాలిస్తే వచ్చే పొగ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. గాలి మావైపు తిరిగితే కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. పొగాకు దుమ్ములో ఏళ్ళ తరబడి పని చేసిన మా వారికి అది ఉబ్బసమై కూర్చుంది. డాక్టరుగారు సూటిగా చెప్పేశారు. "ఈ పొగలో ఉన్నంతకాలం నేను మందులు రాస్తూనే ఉంటాను, మీరు మింగుతూనే ఉంటారు. ఇల్లు మారండి."

మాకు పిల్లలు లేరు. ఉన్నది ఇద్దరం. అద్దంకిలో మా తమ్ముడు ఉండే వీధిలోనే రెండు గదుల ఇల్లు ఒకటి అమ్మకానికి ఉంది. వెనక వేపచెట్టు, ముందు మంచి గాలి. ఇంటాయన తమ్ముడి మొహం చూసి కొన్నాళ్ళు ఆగుతానన్నాడు. ఇక్కడ మా ఇల్లు అమ్మితే తప్ప అక్కడ అది రాదు.

ఆ శనివారం కూడికలో ప్రార్థన అయ్యాక అందరూ ఇదే మాట ఎత్తారు. మన దగ్గర కూడా ధర పడుతుందా? టీచరమ్మగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పారు.

"పేపరువాడు దేశం సంగతి రాస్తాడు. మన వీధి సంగతి వాడికేం తెలుసు? హైదరాబాదులో వాన పడితే మన చూరు కారదమ్మా."

"మరి హైదరాబాదులో వాన పడ్డప్పుడే గదా టీచరమ్మా మన కాలవ పారింది?" అంది రూతమ్మ వదిన.

అందరం నవ్వాం. టీచరమ్మగారు నవ్వలేదు.

"ధర అనేది మన నోటి మాట మీద నిలబడుతుంది. మనలో ఒకరు తొందరపడి తగ్గించి ఇచ్చారనుకో, రేపటి నుంచి అది వాళ్ళింటి ధర కాదు, వీధి ధర. మిర్చి రైతుని చూడండి. ధర పడితే ఏసీ గోదాములో పెట్టి కూర్చుంటాడు. లేచినప్పుడు అమ్ముకుంటాడు. మన ఇంటికి పురుగు పట్టదు, రంగు పోదు, గోదాము అద్దె కూడా లేదు. ఎవరూ తగ్గించి అమ్మకండి. అమ్మక తప్పదనుకుంటే ముందు ఈ కూడికలో చెప్పండి. ఒకరికొకరం తెలిసే చేద్దాం."

మాకది న్యాయంగా తోచింది. ఈ పత్రిక చదివేవాళ్ళకు పిడికెడు బియ్యం సంగతి తెలుసు. పొయ్యి మీదికి ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుడి కోసం పక్కన పెట్టి, శనివారం కూడికకు తెస్తాం. ఆ శనివారం మాత్రం ఆ బియ్యం మందిరానికి పంపలేదు. టీచరమ్మగారే తమ ఇంట్లో ఒకే గిన్నెలో వండించారు. అన్ని ఇళ్ళ బియ్యం కలిసిన అన్నం కదా, కొంత సన్నం, కొంత దొడ్డు, కొంత రేషను బియ్యం. కొన్ని మెతుకులు చిమిడాయి, కొన్ని పలుకుగా ఉన్నాయి. పప్పుచారు పోసుకుని విస్తళ్ళలో అందరం తిన్నాం. "ఒక గిన్నెలో తిన్నవాళ్ళం. ఒకరి వెనక ఒకరం గోతులు తవ్వుకోం" అన్నారు ఆవిడ. అందరం ఆమేన్ అన్నాం.

ఇంటికొచ్చి చెబితే మా వారు దగ్గు ఆపుకుని నవ్వారు.

"మిర్చి గోదాములో ఒంటరిగా ఉంటుంది. ఇంట్లో మనం కూడా ఉండాలి కదా, ఈ పొగలో."

ఆ మాట నాకు తగలవలసిన చోట తగల్లేదు. టీచరమ్మగారి మాట చెవుల్లో ఉంది.

కొన్నాళ్ళకు సత్తెనపల్లి నుంచి ఒక పత్తి వ్యాపారి వచ్చాడు. కొడుక్కి చీరాలలో ఉద్యోగం వచ్చిందట, ఇల్లు కావాలట. పెద్దమనిషి. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, వేళ్ళ కణుపులతో గోడ మీద కొట్టి చూశాడు. "గోడ గట్టిగా ఉందమ్మా. బాగా తడిపారు" అన్నాడు. ఆ రోజు గాలి అటువైపు ఉంది, పొగ రాలేదు. ఆయన చెప్పిన ధర కూడికలో అందరం తగ్గకూడదనుకున్న ధరకు కొంచెం తక్కువ. అద్దంకి ఇంటికి మాత్రం సరిపోతుంది. "మీరు ఊ అంటే వచ్చేవారం బయానా ఇచ్చి పోతాను" అన్నాడు.

మా వారు నావైపు చూశారు. నేను టీచరమ్మగారింటికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆవిడ ఇటుకల గుట్ట దగ్గర వంగి, సందుల్లో మొలిచిన గడ్డి పరకలు ఒక్కొక్కటే పీకుతున్నారు. ఆ పని చేస్తుండగా అంతకు ముందు కూడా చూశాను. ఒకసారి అడిగితే "పాములు చేరతాయమ్మాయ్" అన్నారు. శుభ్రం గల మనిషి కదా అనుకున్నాను.

సంగతంతా చెప్పాను. ఆవిడ నడుం నిలబెట్టి, చేతిలో గడ్డిని కొంగుచాటు చేసుకుని విన్నారు.

"ఎంతన్నాడు?"

చెప్పాను.

"ఆగమ్మాయ్. మిర్చి కోతలు కానీ. రైతు చేతిలో డబ్బాడితే నలుగురు వస్తారు. ఒక్కడు రాగానే కంగారు పడకు. ధర పడదు."

"ఆయన ఆయాసం చూస్తుంటే భయమేస్తుందండీ."

"నీకు నేను చెబుతున్నానుగా, పడదు" అన్నారు. తర్వాత, "ఆ సత్తెనపల్లి ఆయన చీరాలలో ఎక్కడ దిగాడన్నావు?" అని అడిగారు. చెప్పాను.

సత్తెనపల్లి ఆయనకు ఆ ధరకు ఇవ్వలేమని చెప్పేశాను. మాలో మాకు ఒక మాట ఉందని కూడా చెప్పాను. "ఈ రోజుల్లో మాట మీద నిలబడేవాళ్ళు తక్కువమ్మా" అని ఆయన నమస్కారం పెట్టి వెళ్ళాడు.

మిర్చి కోతలు అయిపోయాయి. నలుగురు కాదు కదా, ఒక్కరూ రాలేదు. ఎండాకాలం పోయి తొలకరి పడింది. ఒక సాయంత్రం ఆ దారిన వస్తూ టీచరమ్మగారి ఇటుకల గుట్ట చూశాను. పచ్చగా గడ్డి. జాన ఎత్తు పెరిగింది. మీరు నమ్మాలి, నాకు ఇంటి ధర గుర్తుకు రాలేదు. టీచరమ్మగారికి ఒంట్లో బాగాలేదేమో, లేవలేకపోతున్నారేమో, లేకపోతే గడ్డిని అంత పెరగనిస్తారా అనుకున్నాను. ఇంటికెళ్ళి మునగాకు పప్పు వండి, గిన్నెలో పోసుకుని, మూత పెట్టి తీసుకెళ్ళాను.

వసారాలో సత్తెనపల్లి ఆయన కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పక్కన మేస్త్రీ టేపు పట్టుకుని కిటికీ కొలుస్తున్నాడు.

నన్ను చూసి ఆయన లేచి నిలబడ్డాడు. పాపం, ఆయనకే ఎలాగో అనిపించింది. "మీరా అమ్మా. టీచరమ్మగారి ఇల్లు మేం తీసుకున్నామండీ. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. మీకు తెలుసనుకున్నాను."

టీచరమ్మగారు లోపలి నుంచి వచ్చారు. నా మొహం చూడలేదు. నా చేతిలో గిన్నె చూశారు.

"అక్కడ పెట్టి వెళ్ళమ్మాయ్" అన్నారు.

పెట్టాను. వచ్చేశాను. ఆ గుట్ట దాటుతున్నప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆవిడ పొద్దున్నే లేచి పీకింది పాములకు భయపడి కాదు. కొనడానికి వచ్చేవాడి కంట గడ్డి పడకూడదని. అమ్ముడైపోయింది కనుక ఇక పీకే పని లేదు. ధర పడుతుందని మా అందరికన్నా ముందు ఆవిడకు తెలుసు. ఎలా చూడాలో నాకు నేర్పిన మనిషే, నేను చూడవలసింది నా కళ్ళ ముందే కొంగుచాటు చేశారు.

ఆవిడ ఎంతకు ఇచ్చారో మర్నాడు రూతమ్మ వదిన కనుక్కుని వచ్చింది. ఆయన మాకు ఇస్తానన్నదాని కన్నా తక్కువకే.

"ఒక గిన్నెలో తిన్నామంది. గిన్నె మనకిచ్చి కూడు తను తింది" అంది వదిన. నేను వారించాను. వారించానే కానీ కాదనలేకపోయాను.

ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా ముందు ఆ ధరే. "టీచరమ్మగారే అంతకి ఇచ్చారంట కదా" అని అక్కడి నుంచి కిందికి దిగేవాళ్ళు. కొన్నాళ్ళకు అడిగేవాళ్ళూ రాలేదు. రేవు మాట చల్లబడింది. అద్దంకి ఇల్లు వేరేవాళ్ళు కొనుక్కున్నారు. తమ్ముడు ఫోనులో చెబుతుంటే నేను ఊ కొట్టాను. మా వారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఒకరోజు మాత్రం, పొగ బాగా ఉన్న సాయంత్రం, తలుపులన్నీ మూసి తడిగుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుని అన్నారు.

"మీ టీచరమ్మకి నూటికి నూరు వెయ్యాలి. ధర పడుతుందని అందరికన్నా ముందు పసిగట్టింది."

"మరి మనకి?"

"మనం ప్రశ్న తప్పడిగాం. ధర పడుతుందా అని అడిగాం. మీరు అమ్ముతున్నారా అని అడగాల్సింది."

ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఆవిడకు కొంత గడువు ఉంది. ఆ గడువంతా ఆవిడ కూడికకు వస్తూనే ఉన్నారు. ఎప్పటిలాగే గుడ్డలో పిడికెడు బియ్యం మూటగట్టి తెచ్చేవారు. గిన్నెలో పోసేటప్పుడు రూతమ్మ వదిన నోరు తెరవబోతే నేను చెయ్యి నొక్కాను. మిగతా బియ్యంలో ఆవిడ బియ్యం కలిసిపోయింది. ఏవి ఆవిడవో ఎవరు ఏరగలరు?

తర్వాత పెద్దకొడుకు వచ్చి చిలకలూరిపేట తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ప్రతి గడపా ఎక్కి చెప్పారు. మా గడప ఎక్కలేదు.

ఆవిడకు జబ్బు చేసి ముదిరిందని తెలిసి, పోయే ముందు నెలలో ఒకసారి చూసి వచ్చాను. మా వారే పంపారు. కిటికీ వైపు మంచం వేశారు. మనిషి సగమైపోయారు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "గోడలు పగల్లేదుగా?"

"లేదండీ."

తల ఆడించారు. తర్వాత చెప్పారు. "ఒక్క కొనేవాడు, రెండు ఇళ్ళు అమ్మాయ్. నా జబ్బు సంగతి డాక్టరు అప్పటికే చెప్పాడు. నా కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఇంటిని రెండుగా కొయ్యలేను. డబ్బయితే కొయ్యొచ్చు. నేను ఉండగానే ఇద్దరి చేతుల్లో పెట్టి, ఇద్దర్నీ ఒక పీట మీద కూర్చోబెడదామనుకున్నాను."

"కూర్చున్నారా?"

"కూర్చున్నారు."

నేను ఎంతో కాలంగా లోపల పెట్టుకున్న మాట అప్పుడు వచ్చింది. చిన్న గొంతుతోనే వచ్చింది. "ఆ మాట నాకు చెప్పి ఉంటే నేనే తప్పుకునేదాన్ని కదండీ."

"అందుకే చెప్పలేదు" అన్నారు ఆవిడ. "చెబితే నువ్వు తప్పుకునేదానివి. అప్పుడు మీ ఆయన ఊపిరి నేను అడిగి పుచ్చుకున్నట్టు. అది నా వల్ల కాలేదు."

అడక్కుండా తీసుకోవడం ఆవిడ వల్ల అయింది. ఆ మాట నాకు ఇవాళ్టికీ మింగుడు పడలేదు. నిజంగా తప్పుకునేదాన్నో లేదో నాకూ తెలియదు. మా వారి దగ్గు వింటూ అద్దంకి ఇల్లు వదులుకోగలిగేదాన్నా? కానీ అడిగి ఉంటే అది నేను ఇచ్చింది అయ్యేది. ఇప్పుడు అది నా దగ్గర నుంచి పోయింది మాత్రమే.

ఆవిడ క్షమించమని అడగలేదు. "ప్రార్థన చెయ్యి. గోడకి చదివినట్టు గట్టిగా" అన్నారు. మంచం పక్కన నిలబడి మొదలుపెట్టాను. రెండు మాటలకే గొంతు పోయింది. ఆవిడ నేర్పిన తర్వాత అలా పోవడం అదే మొదటిసారి. మిగిలింది లోపలే చెప్పుకున్నాను. ఆవిడ మాత్రం వినపడినట్టే చివర ఆమేన్ అన్నారు.

క్షమించావా అని మన సంఘంలో ఇద్దరు ముగ్గురు అడిగారు. రోజూ పొద్దున్నే క్షమిస్తున్నాను. సాయంత్రం పొగ రాగానే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది. ప్రభువు ఓపిక గలవాడు కనుక చెబుతున్నాను.

కబురు వచ్చిన రోజు మధ్యాహ్నమే ఆవిడను తెచ్చారు. కొడుకులిద్దరూ ముందు వైపు పెట్టె పట్టుకున్నారు, ఒకరి భుజానికి ఒకరి భుజం తగిలేంత దగ్గరగా. అది చూసి నాకు ఏడుపు వచ్చింది. ఎవరి కోసమో చెప్పలేను. మా వారు శ్మశానం గేటు దాకా వచ్చి, ఆయాసం తట్టుకోలేక ఇంటికి మళ్ళారు.

మట్టి వేసి తిరిగి వస్తున్నప్పుడు నేనూ రూతమ్మ వదినా ఆవిడ పాత ఇంటి ముందు నుంచి నడిచాం. సత్తెనపల్లి వాళ్ళు ఇంకా దిగలేదు. తాళం ఉంది. పొగ సంగతి తెలిసి వాళ్ళబ్బాయి రానన్నాడట. వాళ్ళూ అమ్మకానికి పెట్టారని అంటున్నారు. ఇటుకల గుట్ట అలాగే ఉంది. గడ్డితో పాటు తుమ్మి మొక్కలు లేచి, ప్రతి సందులోనూ తెల్లగా పూశాయి.

నా చెయ్యి దానంతట అదే వెళ్ళి ఒక మొదలు పట్టుకుంది.

"పీకెయ్ వదినా" అంది రూతమ్మ. "ఇయ్యాల్టి రోజున టీచరమ్మ వాకిలి ఇట్టా ఉంటే చూసేవాళ్ళకి ఏం బాగుంటది?"

పట్టుకునే నిలబడ్డాను. వేరు లోతుగా దిగినట్టుంది, ఇటుక కూడా కదిలింది. వీధి చివర మా ఇంట్లో నుంచి ఆయన దగ్గు వినిపించింది. గాలి తిరిగింది.

"ఉండనీ వదినా" అన్నాను. "చూడనీ."

వదిలేశాను. నా వేళ్ళు వదిలాక కూడా ఆ మొక్క కాసేపు అటూ ఇటూ ఊగింది. ఎర్రటి ఇటుకల మీద, వస్తున్న పొగలో, ఆ తెల్ల పూలు చాలా దూరం దాకా కనిపిస్తూనే ఉన్నాయి.